మోచేయి లోపలి వైపు టెండన్ నొప్పి: ఫిజియోథెరపీతో నిజంగా తగ్గుతుందా?

మరమేకు
కొన్ని నెలలుగా కుడి మోచేయి లోపలి వైపు నొప్పి. మోచేతికి ఒంటి పక్కన ఉబ్బెత్తుగా ఎముక తగులుతుంది కదా, సరిగ్గా దానికి కాస్త కిందుగా. నొక్కితే జివ్వుమంటుంది. తీరిక దొరికితే చెక్క పని చేస్తుంటాను. స్క్రూలు బిగించడం, రంపం పట్టడం మామూలే. మొదట్లో పని అయ్యాక సలిపేది, అంతే. ఇప్పుడు సీసా మూత తిప్పినా, తడిబట్ట పిండినా, ఎవరైనా గట్టిగా చెయ్యి కలిపినా ముంజేయి సగం దాకా లాగుతోంది.

డాక్టర్ గారు చూసి గోల్ఫర్స్ ఎల్బో అన్నారు. జన్మలో గోల్ఫ్ కర్ర పట్టుకున్న పాపాన పోలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మాత్రలు రాసి రెస్ట్ ఇమ్మన్నారు. రెస్ట్ ఇస్తే తగ్గిపోతుంది. హమ్మయ్య అనుకుని స్క్రూడ్రైవర్ పట్టానో లేదో మళ్లీ మొదటికొస్తుంది. ఒకరు ఇంజెక్షన్ వేయించుకోమంటారు, ఒకరు బెల్ట్ కట్టుకోమంటారు, ఇంకొకరు ఫిజియో దగ్గరికి వెళ్లమంటారు. ఫిజియోలో అసలు ఏం చేయిస్తారు? దానితో తగ్గినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

రాకెట్_రాజా
ఉన్నానండి. నాకు బ్యాడ్మింటన్ వల్ల వచ్చింది. తగ్గింది, కానీ నిదానంగా. మెషీన్లు పెట్టినప్పుడు హాయిగా ఉండేది, ఇంటికొచ్చేసరికి అంతా మామూలే. పని చేసింది వ్యాయామాలే. మొదటి నెలలో తేడా కనిపించలేదని మధ్యలో వదిలేయకండి, నేను చెప్పేది అంతే.

ఓపికలేదు
నాకు తెలిసి ఇంకా రెస్ట్ కావాలి బ్రో. సగం సగం రెస్ట్ ఇస్తే ఎలా తగ్గుతుంది? నొప్పి ఉన్న చోటే వ్యాయామం చేయించడం ఏంటో నాకు అర్థం కాదు. పుండు మీద గీరినట్టు కాదా?

కదలిక
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. చెయ్యి పట్టుకుని చూడకుండా ఇది ఫలానా అని తేల్చి చెప్పను. మరమేకు గారు, ముందు వీటికి జవాబు ఇవ్వండి.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయా? నొప్పి ఏదో ఒక రోజు టప్‌మని మొదలైందా, మెల్లగా పెరిగిందా? మోచేయి పూర్తిగా చాపగలుగుతున్నారా, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తోందా? మెడ తిప్పితే చేతి నొప్పి మారుతోందా? వాపు, ఎరుపు, జ్వరం లాంటివి ఉన్నాయా? షుగర్ ఉందా, పొగ తాగుతారా?

ఇవి ఊరికే అడగడం లేదు. మోచేయి లోపలి వైపు నొప్పి అంటే ప్రతిసారీ టెండనే (కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) అని లేదు. ఆ ఎముక వెనక గాడిలోంచి అల్నార్ నరం వెళ్తుంది. ఆ ఎముకకే కీలును పక్కకు విరగకుండా పట్టి ఉంచే లిగమెంట్ కూడా అంటుకుని ఉంటుంది. బంతి విసిరే ఆటగాళ్లలో అది దెబ్బతింటుంది. మెడలో నరం నొక్కుకున్నా నొప్పి ఇక్కడికి దిగవచ్చు. ఎదిగే వయసు పిల్లల్లో అయితే ఎముక పెరిగే పొర దగ్గర సమస్య వస్తుంది. అది పూర్తిగా వేరే సంగతి, పిల్లల చేత ఈ వ్యాయామాలు చేయించకూడదు.

మరమేకు
తిమ్మిరి లేదు. మెల్లగానే పెరిగింది. చెయ్యి పూర్తిగా చాపగలను, కాకపోతే పొద్దున లేవగానే కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది. మెడ బాగానే ఉంది. వాపు, జ్వరం లేవు. షుగర్ లేదు, పొగ తాగను. అరచేయి పైకి పెట్టి బకెట్ ఎత్తితే నొప్పి. అరచేయి కిందికి పెట్టి ఏదైనా ఎత్తితే పెద్దగా ఉండదు.

కదలిక
చివరి వాక్యం పనికొచ్చే సమాచారం. అరచేయి కిందికి పెట్టి ఎత్తితే నొప్పి వచ్చేది సాధారణంగా మోచేయి బయటి వైపు, అంటే టెన్నిస్ ఎల్బో. మీది దానికి తిరగవేత.

మణికట్టును లోపలికి వంచే కండరాలు, అరచేతిని కిందికి తిప్పే కండరం, వేళ్లు ముడిచే కండరాల్లో కొన్ని కలిసి ఒకే మందపాటి టెండన్‌గా ఆ లోపలి ఎముకకు అతుక్కుంటాయి. స్క్రూ తిప్పేటప్పుడు మీరు పిడిని గట్టిగా పట్టుకుంటారు, మణికట్టు కదలకుండా బిగిస్తారు, ముంజేతిని తిప్పుతారు. మూడూ ఆ ఒక్క చోటునే లాగుతాయి. గోల్ఫ్ అక్కర్లేదు. వడ్రంగం, ప్లంబింగ్, టెన్నిస్, కొండలెక్కడం, జిమ్‌లో బార్ పట్టుకుని వేలాడటం, ఏదైనా చాలు.

ఇక ఓపికలేదు గారి ప్రశ్న. పుండు అయితే మీరన్నది నిజమే. నెలల తరబడి ఉన్న టెండన్ నొప్పిలో వాపు పాత్ర తక్కువ. అలాంటి టెండన్ ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే వాపు కణాలు పెద్దగా కనిపించవు. కొలాజన్ పోగులు, అంటే టెండన్‌కి బలమిచ్చే ప్రోటీన్ దారాలు, వరస తప్పి, పురి వదులైన తాడులా ఉంటాయి. వాటి మధ్య కొత్తగా సన్నటి రక్తనాళాలు పుట్టుకొస్తాయి. అంటే మోయగలిగే బరువు తగ్గిపోయిన టెండన్ అది. రెస్ట్ ఇస్తే నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే మీరు దాన్ని ఏమీ అడగడం లేదు. కానీ ఆ మోసే శక్తి రెస్ట్‌తో పెరగదు. పైపెచ్చు కండరం బలం కూడా తగ్గుతుంది. అందుకే మళ్లీ పని మొదలెట్టగానే పాత కథ. ఫిజియో చేసేది మోయగలిగినంత బరువు ఇచ్చి, దాన్ని మెల్లమెల్లగా పెంచడం. మిగతావన్నీ దానికి తోడు.

ఓపికలేదు
సరే, ఒప్పుకున్నా. మరి ఎంత బరువు, ఎంత సేపు? 'మెల్లమెల్లగా' అని అందరూ అంటారు.

కదలిక
న్యాయమైన ప్రశ్నే. నేను సాధారణంగా వెళ్లే దారి చెబుతాను. ఇది మీ ఫిజియో చూసి మార్చుకోవాల్సిన మాదిరి, ప్రిస్క్రిప్షన్ కాదు.

తాకితేనే నొప్పిగా ఉన్న దశలో కదలిక లేకుండా బిగించి పట్టే వ్యాయామం, అంటే ఐసోమెట్రిక్స్. ముంజేతిని బల్ల మీద ఆనించండి. అరచేయి పైకి, మణికట్టు తిన్నగా. రెండో చేత్తో అరచేతిని కిందికి నెట్టండి, మణికట్టు కదలకుండా ఎదురు నిలపండి. 30 నుంచి 45 సెకన్లు. ఒకటి రెండు నిమిషాల విరామంతో 4 లేదా 5 సార్లు. బలమంతా వాడక్కర్లేదు, సగంతో మొదలెట్టండి. కొందరికి ఇది చేసిన వెంటనే నొప్పి తేలికవుతుంది, కొందరికి కాదు. కాలేదని కంగారు పడొద్దు.

అది హాయిగా చేయగలిగాక అసలు పని. ముంజేయి బల్ల మీదే, చెయ్యి మాత్రం అంచు బయట. అరచేయి పైకి పెట్టి చిన్న డంబెల్ పట్టుకోండి. అరకిలో, కిలో చాలు. మణికట్టును 3 సెకన్లలో పైకి వంచి, 3 లేదా 4 సెకన్లలో కిందికి దించండి. దించేటప్పుడే తొందరపడతారు అందరూ. అసలు సరుకంతా ఆ దించడంలోనే ఉంది. 10 నుంచి 15 సార్లు, 3 సెట్లు. పైకెత్తడమే నొప్పిగా ఉంటే రెండో చేత్తో సాయం చేసి ఎత్తి, దించడం మాత్రం నొప్పి ఉన్న చేత్తో చేయండి.

మీ దగ్గర సుత్తి ఎలాగూ ఉంటుంది కాబట్టి మూడోది తేలిక. మోచేయి పక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు వంచండి. సుత్తి తల పైకి ఉండేలా పిడి పట్టుకోండి. తలను మెల్లగా బయటి వైపుకు వాలనివ్వండి, అరచేయి పైకి తిరుగుతుంది. మళ్లీ నిలువుగా తీసుకురండి. పిడి చివర పట్టుకుంటే బరువెక్కువ, తలకు దగ్గరగా పట్టుకుంటే తక్కువ. వేరే వేరే బరువులు కొనక్కర్లేదు. స్క్రూలు తిప్పేవాళ్లు దీన్ని వదలకూడదు.

స్ట్రెచింగ్ విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. చెయ్యి చాపి, అరచేయి పైకి పెట్టి, వేళ్లను రెండో చేత్తో కిందికి లాగి 30 సెకన్లు ఉంచితే కొందరికి పొద్దుటి బిగుతు తగ్గుతుంది. వేళ్లలో తిమ్మిరి వస్తే అక్కడితో ఆపేయండి.

లెక్కకావాలి
కదలిక గారు చక్కగా రాశారు. కానీ నాదొక అభ్యంతరం. ఇలాంటి నొప్పులు చాలా వరకు ఏడాదిలో వాటంతట అవే తగ్గుతాయని చదివాను. అలాంటప్పుడు తగ్గింది వ్యాయామం వల్లనా, కాలం వల్లనా? ఈ లోపలి వైపు నొప్పి మీద సరైన పరిశోధనలు ఉన్నాయా?

కదలిక
మంచి అభ్యంతరం. ఉన్న సంగతి ఉన్నట్టు చెబుతాను.

లోపలి వైపు నొప్పి మీద పరిశోధనలు తక్కువ, ఎందుకంటే మనుషులే తక్కువ. ఫిన్లాండ్‌లో 30 నుంచి 64 ఏళ్ల వాళ్లు 4,783 మందిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో బయటి వైపుది 1.3 శాతం మందిలో, లోపలి వైపుది 0.4 శాతం మందిలో కనిపించింది. కాబట్టి మేము చాలాసార్లు టెన్నిస్ ఎల్బో ఫలితాలు చూసి ఇటు అన్వయించుకుంటాం.

అటు వైపు పెద్ద అధ్యయనం 2006లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆస్ట్రేలియాలో 198 మందిని మూడు గుంపులు చేశారు: ఫిజియోథెరపీ, స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఏమీ చేయకుండా ఆగి చూడటం. 6 వారాలకు ఇంజెక్షన్ గుంపు అందరికంటే ముందుంది. ఆగి చూసినవాళ్ల కంటే ఫిజియో వాళ్లు మెరుగు. ఏడాది తిరిగేసరికి ఫిజియోకి, ఆగి చూడటానికి పెద్ద తేడా మిగల్లేదు. అంటే మీరన్నదాంట్లో సగం నిజం. ఇంజెక్షన్‌తో బాగుపడినవాళ్లలో 72 శాతం మందికి మాత్రం తిరగబెట్టింది.

లోపలి వైపుకే సంబంధించి 2014లో వచ్చిన చిన్న పరిశోధన ఒకటుంది. వేరే చికిత్సలు పని చేయని 20 మందికి రబ్బరు బార్‌తో మెలితిప్పే ఎక్సెంట్రిక్ వ్యాయామం (కండరం సాగుతూ బరువు మోసేది, పైన చెప్పిన దించడం లాంటిది) జోడించి చూశారు. బాగా మెరుగుపడ్డారు. కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. కాబట్టి రుజువు అనను, ఆశాజనకం అంటాను.

నా వరకు లెక్క ఇలా ఉంది: ఏడాదిలో ఎలాగూ తగ్గుతుందనుకున్నా, ఆ ఏడాదిలో మొదటి కొన్ని నెలలు మనిషి పని చేసుకోవాలి కదా. పైగా ఆగి చూసి తగ్గినవాడు మళ్లీ అదే స్క్రూడ్రైవర్ పట్టుకుంటాడు. వాడి ముంజేయి బలం ఎంతుందన్నది అప్పుడు ముఖ్యం.

లెక్కకావాలి
ఇంత నిజాయతీగా జవాబిస్తారనుకోలేదు. చిన్న తిరకాసు మిగిలింది. రబ్బరు బార్ వ్యాయామం రోజూ చేయించారని చదివాను. కొందరు డంబెల్ రోజు విడిచి రోజు అంటారు. ఏది?

కదలిక
రెండూ. బరువు తక్కువగా ఉన్నంత కాలం రోజూ చేసుకోవచ్చు. బరువు పెరిగాక రోజు విడిచి రోజు. టెండన్‌కి గట్టి బరువు పడ్డాక మొదటి 24 నుంచి 36 గంటల్లో కొలాజన్ తయారీ కంటే విరగడమే ఎక్కువ. ఆ తర్వాత తయారీది పైచేయి అవుతుంది. ఆ మధ్యలోనే మళ్లీ గట్టిగా లాగితే కట్టేది తక్కువ, కూల్చేది ఎక్కువ.

బార్ ఎలా వాడాలో అడిగే లోపే చెబుతాను. నొప్పి ఉన్న చేతి మణికట్టును లోపలికి వంచి బార్ పట్టుకోవాలి. రెండో చేత్తో దాన్ని మెలిపెట్టాలి. తర్వాత చేతులు చాపి, ఆ మెలికను నొప్పి ఉన్న చెయ్యి మాత్రమే మెల్లగా వదలాలి. 15 సార్లు, 3 సెట్లు. టెన్నిస్ ఎల్బోకి మెలిక దిశ దీనికి వ్యతిరేకం. వీడియోల్లో ఎక్కువగా అదే ఉంటుంది, చూసి తిరగేసి చేసేవాళ్లు బోలెడు మంది.

టైపురాగం
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ మోచేయి లోపలి వైపే. కానీ రాత్రిళ్లు చిటికెన వేలు, పక్క వేలు మొద్దుబారి మెలకువ వస్తోంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎక్కువసేపు మాట్లాడినా అంతే. ఈ మధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా తడబడుతోంది. ఈ డంబెల్ వ్యాయామాలు మొదలెట్టొచ్చా?

కదలిక
మొదలెట్టకండి. మీరు చెప్పింది అల్నార్ నరం లక్షణాల్లా ఉంది. మోచేయి బాగా వంచినప్పుడల్లా ఆ నరం సాగి, గాడిలో నొక్కుకుంటుంది. ఫోన్, నిద్ర రెండింటిలోనూ మీరు చేస్తున్నది అదే. గుండీల దగ్గర తడబాటు అంటే చేతి చిన్న కండరాలకు కూడా సంకేతం సరిగా అందట్లేదేమో చూడాలి. త్వరగా డాక్టర్‌కి చూపించండి, అవసరమైతే నరాల పరీక్ష చేయిస్తారు.

ఈ లోపు మోచేతికి తువ్వాలు వదులుగా చుట్టి పడుకోండి, రాత్రి పూర్తిగా వంగకుండా ఉంటుంది. మోచేతిని బల్ల అంచుకి, కుర్చీ చేతికి ఆనించకండి. ఆ ఎల్బో బెల్ట్ ఉంటే తీసేయండి, నరం మీద ఒత్తిడి పడొచ్చు.

ఎముకలవైద్యం
ఆర్థోపెడిక్ డాక్టర్‌ని. కదలిక గారు టైపురాగం గారికి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అరచేతి వెనక బొటనవేలు, చూపుడువేలు మధ్య కండ పల్చబడినట్టు కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి. ఈ రెండు సమస్యలూ ఒకే మనిషిలో కలిసి ఉండటం కూడా అరుదు కాదు.

ఇంజెక్షన్ గురించి నా మాట. లోపలి వైపు నొప్పికి స్టెరాయిడ్ మీద 1997లో వచ్చిన అధ్యయనంలో 6 వారాలకు నొప్పి తగ్గింది. 3 నెలలకు, ఏడాదికి చూస్తే ఉప్పునీళ్ల ఇంజెక్షన్‌కీ దీనికీ తేడా లేదు. నేను పూర్తిగా మానేయలేదు. నొప్పితో వ్యాయామం మొదలే పెట్టలేని వాళ్లకు, ఏదో అత్యవసరం ఉన్నవాళ్లకు, అన్నీ వివరించి ఒకసారి ఇస్తాను. పదే పదే ఇవ్వను. టెండన్ బలహీనపడుతుంది, చర్మం పల్చబడి తెల్లమచ్చ రావచ్చు. పక్కనే నరం ఉంది కాబట్టి సూది పెట్టే చోటు చూసుకోవాలి. కొందరిలో మోచేయి వంచినప్పుడు ఆ నరం ఎముక మీదుగా ముందుకు జారుతుంది, అది ముందే చూసుకోవాలి.

ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ (రోగి సొంత రక్తం నుంచి తీసి ఇచ్చేది) గురించి కూడా అడుగుతారు. ఫలితాలు ఒక పరిశోధనలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉన్నాయి. ఖర్చు మాత్రం అన్నిట్లోనూ ఉంది.

ఓపికలేదు
డాక్టర్ గారూ, నాకు ఇంజెక్షన్ వేయించుకున్న వారానికే నొప్పి మాయమైంది. ఎగిరి గంతేశా. తర్వాత తిరగబెట్టింది. పేరు ఓపికలేదు అని పెట్టుకున్నా గానీ ఇప్పుడు బల్ల మీద చెయ్యి పెట్టి సెకన్లు లెక్కపెడుతున్నా 😅

ఎముకలవైద్యం
ఆ నొప్పి లేని కాలమే ప్రమాదం. టెండన్ బాగుపడదు, హెచ్చరించే గంట మాత్రం ఆగిపోతుంది. ఇంజెక్షన్ తర్వాత కనీసం ఒకటి రెండు వారాలు గట్టి పనులు చేయొద్దని, ఆ వ్యవధిలో వ్యాయామం నెమ్మదిగా మొదలెట్టమని చెప్పేది అందుకే.

నాన్నకోసం
మా నాన్నగారికి షుగర్ ఉంది. ఇన్‌ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు మోచేయి నొప్పి మొదలైంది. సంబంధం ఉంటుందా? ఆయనకు ఫిజియో పనికొస్తుందా?

ఎముకలవైద్యం
ఏ మందో చూడండి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వర్గం మందులు టెండన్‌ని దెబ్బతీయగలవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే వాటి మీద బాక్స్ హెచ్చరిక, అంటే అన్నిటికంటే గట్టి హెచ్చరిక, పెట్టింది. ఎక్కువగా మడమ టెండన్‌కి వస్తుంది, కానీ మిగతా చోట్లా రావచ్చు. 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో రిస్క్ ఎక్కువ. సొంతంగా మానేయకండి. మందు రాసిన డాక్టర్‌కి ఈ రోజే చెప్పండి, మార్చాలో లేదో ఆయన చూస్తారు. అది తేలేదాకా మోచేతికి బరువులు వద్దు. షుగర్ ఉన్నవాళ్లలో టెండన్లు నిదానంగా కోలుకుంటాయి. వ్యాయామం పనికొస్తుంది, గడువు మాత్రం పొడిగించుకోవాలి.

మరమేకు
కొన్ని వారాల తర్వాత వస్తున్నాను. ఫిజియో దగ్గర చేరాను. కదలిక గారు రాసిన దారికి దగ్గరగానే ఉంది, భుజం వ్యాయామాలు కూడా చేర్చారు. పొద్దుటి బిగుతు బాగా తగ్గింది. మూత తిప్పగలుగుతున్నాను. ఒకటే సందేహం. డంబెల్ చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటోంది. బరువు పెంచిన మర్నాడు ఎక్కువైంది. ఆపేయాలా?

కదలిక
నొప్పి సున్నా అయ్యేదాకా ఆగితే వ్యాయామం ఎప్పటికీ పెరగదు. 10కి 3 లేదా 4 దాకా నొప్పి ఉంటే కొనసాగించవచ్చు. అసలు చూడాల్సింది మర్నాడు పొద్దున్న. 24 గంటల్లో పాత స్థాయికి దిగిపోతే ఆ బరువు సరైనదే. దిగకపోతే బరువు ఎక్కువైంది. అప్పుడు మొత్తం ఆపేయకండి, ముందు వాడిన బరువుకి వెనక్కి రండి, నొప్పి సర్దుకున్నాక తక్కువ తేడాతో పెంచండి. బరువు, సెట్లు, రోజులు మూడింటినీ ఒకేసారి పెంచొద్దు.

భుజం సంగతి మీ ఫిజియో బాగా పట్టుకున్నారు. భుజం, రెక్క ఎముక సరిగా నిలబడకపోతే ఆ పనంతా ముంజేయి మీద పడుతుంది. విసిరే ఆటల్లో మరీను.

బెల్ట్ గురించి ఎవరూ అడగలేదు గానీ, ఎక్కువమంది దాన్ని ఎముక మీదే కడతారు. అది కట్టాల్సింది నొప్పి ఉన్న చోటుకి కాస్త కింద, ముంజేతి కండ మీద. పని చేసేటప్పుడు కట్టి, అయ్యాక తీసేయాలి. పని చేస్తే వాడండి, లేకపోతే వదిలేయండి, దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

పుల్అప్_ప్రసాద్
నాకు పుల్‌అప్స్ వల్ల. బార్ పట్టుకోగానే రెండు మోచేతుల లోపలి వైపూ మంట. బైసెప్స్ కర్ల్స్ కూడా కష్టమే. జిమ్ మానేయమంటే మాత్రం నా వల్ల కాదన్నా, ముందే చెబుతున్నా.

రాకెట్_రాజా
@పుల్అప్_ప్రసాద్ మానేయక్కర్లేదు తమ్ముడూ. మా కోచ్ చెప్పినవి ఇవి. అరచేతులు మనవైపు ఉండే చిన్‌అప్స్ కొన్నాళ్లు పక్కన పెట్టు. అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండే పట్టు వాడు, మణికట్టు తిన్నగా ఉంటుంది. వేలాడే సెట్లు సగానికి తగ్గించు. కాళ్లు, ఛాతీ, వీపు మీద పని ఎప్పటిలా చేసుకో. నాకు రాకెట్ విషయంలోనూ అంతే: గ్రిప్ మరీ సన్నగా ఉంటే వేళ్లు ఎక్కువ బిగుస్తాయి, దాన్ని కాస్త లావు చేశాక చేతికి తెరిపి వచ్చింది.

కదలిక
రాజా గారి సలహాలు బాగున్నాయి. ఒక్కటి కలుపుతాను. రెండు మోచేతులూ ఒకేసారి నొప్పి వస్తే ఈ మధ్య వ్యాయామం ఏ వేగంతో పెరిగిందో వెనక్కి వెళ్లి చూడండి ప్రసాద్ గారు. చాలామందిలో జవాబు అక్కడే దొరుకుతుంది. పట్టు బలం ముఖ్యం కాబట్టి పుల్‌అప్స్ తగ్గించిన చోట ఐసోమెట్రిక్స్, తర్వాత బరువుతో మణికట్టు వ్యాయామం పెట్టండి.

లెక్కకావాలి
అల్ట్రాసౌండ్, షాక్‌వేవ్, టేపింగ్ లాంటివి కూడా చేస్తారు కదా ఫిజియోలో? వాటి లెక్క ఏంటి?

కదలిక
మామూలు అల్ట్రాసౌండ్ మెషీన్ మీద నాకు నమ్మకం లేదు, నేను పెట్టను. షాక్‌వేవ్, అంటే నొప్పి ఉన్న చోట ధ్వని తరంగాలతో తట్టే చికిత్స, ఫలితాలు కలగాపులగం. మొండిగా ఉన్న కేసుల్లో కొందరు ప్రయత్నిస్తారు. టేపింగ్ కొందరికి ఆ పూటకి తెరిపి ఇస్తుంది. చేత్తో చేసే మర్దన, కీలు కదిలించడం నొప్పిని కొంతసేపు తగ్గిస్తాయి, ఆ కొంతసేపట్లో వ్యాయామం చేయించడానికి వాడుకుంటాను. గంట సేపు సెషన్‌లో యాభై నిమిషాలు మెషీన్ కింద పడుకోబెట్టి, వ్యాయామం కాగితం చేతిలో పెట్టి పంపేస్తున్నారంటే ఇంకో చోటు చూసుకోవడం మేలు.

టైపురాగం
డాక్టర్‌కి చూపించాను. నరాల పరీక్ష అయింది, మోచేయి దగ్గరే నరం నొక్కుకుంటోందన్నారు. ప్రస్తుతానికి రాత్రి స్ప్లింట్, కుర్చీ బల్ల ఎత్తు మార్పు, నరం జారేలా చేసే మెల్లని వ్యాయామాలు. గుండీల సంగతి గమనిస్తూ ఉండమన్నారు, పెరిగితే ఆపరేషన్ గురించి ఆలోచిద్దామన్నారు. డంబెల్ జోలికి పోలేదు.

ఎముకలవైద్యం
బాగుంది. టెండన్ నొప్పికి ఆపరేషన్ అవసరమైతే అన్న ప్రశ్న నాకు వ్యక్తిగత సందేశాల్లో వచ్చింది, ఇక్కడే చెబుతాను. సరైన వ్యాయామం 6 నుంచి 12 నెలలు చేశాక కూడా రోజువారీ పని చేసుకోలేని వాళ్లకే ఆ మాట. చాలామంది అక్కడిదాకా రారు. ఎంఆర్‌ఐలో టెండన్ మార్పు కనిపించిందన్న ఒక్క కారణంతో ఎవరూ కత్తి పట్టకూడదు. నొప్పి లేనివాళ్ల స్కాన్‌లోనూ అలాంటి మార్పులు కనిపిస్తాయి.

మరమేకు
సుత్తి పిడి చివర పట్టుకుని తిప్పగలిగే దాకా వచ్చాను. చెక్క పనికి ఎప్పుడు వెళ్లొచ్చు? ఒక అలమర సగంలో ఆగిపోయింది.

కదలిక
మూడు చూసుకోండి. రెండు చేతుల పట్టూ దాదాపు సమానంగా ఉండాలి. మోచేయి చాపి గట్టిగా పిడికిలి బిగిస్తే నొప్పి లేకపోవడమో, చాలా స్వల్పంగా ఉండటమో జరగాలి. మీ దగ్గరున్న బరువుతో 15 సార్లు, 3 సెట్లు చేశాక మర్నాడు మామూలుగా ఉండాలి. ఈ మూడూ ఉంటే అలమర మొదలెట్టండి. మొదటి వారం 20 నిమిషాలు పని, తర్వాత విరామం. పెద్ద స్క్రూలకు ముందు రంధ్రం వేసుకోండి, పవర్ డ్రైవర్ ఉంటే అదే వాడండి, చేతి స్క్రూడ్రైవర్‌కి లావు పిడి ఎంచుకోండి. బరువైన చెక్కను ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోచేయి వంచి ఎత్తండి. వ్యాయామం మాత్రం వారానికి రెండు మూడు రోజులు ఇంకొన్ని నెలలు సాగాలి.

మరమేకు
చివరి ప్రశ్న. ఎడమ చేతికి నొప్పి లేదు. దానికీ ఈ వ్యాయామాలు చేయాలా?

కదలిక
చేయండి. అలమరకి రెండో పక్క పట్టుకునేది అదే కదా.